కృతజ్ఞతలకు కృతజ్ఞతలు

జూన్ 3, మంగళవారం

ఇకనుంచి మా విత్తన సంఘంలో ఏ పనైనా మెయిల్‌లోనే జరగాలట. కొత్త మేనేజర్ రక్షిత మేడమ్ హనుమకొండ నుంచి వచ్చి, జనగామ ఆఫీసులో అందరినీ కూర్చోబెట్టి పొద్దంతా అదే చెప్పింది. విషయం అన్నచోట విషయమే రాయాలి. చిన్నగా రాయాలి. ఎవరికి పని ఉందో వాళ్ళకే పంపాలి. వచ్చిన మెయిల్‌ను పూర్తిగా చదవాలి. అదే రోజు జవాబివ్వాలి. నేను ఆ ఆఖరి మాట ఒక్కటే రాసుకున్నాను. మిగతావన్నీ నాకు తెలిసినవే.

పోతూ పోతూ నన్ను పక్కకు పిలిచింది. "కరుణాకర్ గారు, మీ ఇన్‌చార్జి పోస్టు ఖాయం చేయాల్నా, మిమ్ముల మళ్ళ భూపాలపల్లి గోదాముకు పంపాల్నా అని డైరెక్టర్లు అడుగుతున్నరు. నెలాఖరుకు చెప్పాలె నేను. జర చూసుకొని చెయ్యిండ్రి."

భూపాలపల్లి మంచి ఊరే. కానీ అక్కడ ఒక గది, ఒక స్టవ్వు, నేను. ఏళ్ళకేళ్ళు ఒక్కడినే పప్పు వండుకుని, రెండు పూటలా అదే తిన్నాను. నా భార్య విజయలక్ష్మిది ఇక్కడి బడిలో టీచరు ఉద్యోగం, వదిలి రాలేదు. శ్రేయ నాకు ఆదివారాల బిడ్డగానే పెరిగింది. సంక్రాంతి పోయాక జనగామకు వచ్చాను. ఆ పిల్ల పొద్దున లేచాక చాయ్ తాగేదాకా ఎవరితోనూ మాట్లాడదని అప్పుడు తెలిసింది. సొంత బిడ్డ గురించి ఇంత చిన్న సంగతి నాకు తెలియదు. మళ్ళీ అక్కడికి పోను. పోలేను.

ఇదంతా ఇంట్లో నాలుగోసారి చెప్పబోతే విజయలక్ష్మి ఈ నోటుబుక్కు తెచ్చి చేతిలో పెట్టింది. "గిండ్ల రాసుకోండ్రి. నాకు పొయ్యి మీద కూర మాడుతున్నది" అంది. కూర మాడలేదు. నేను తిన్నాను కదా, తెలుసు.

జూన్ 5, గురువారం

గూడూరు గోదాము నుంచి టార్పాలిన్లు వచ్చాయి. అక్కడి స్టోర్ కీపర్ పేరు సక్రు. ఆ పక్క తండా మనిషట. ఇప్పటిదాకా ముఖం చూడలేదు. అడిగిన మరునాడే పంపాడు. మా సంఘంలో అడిగింది అడిగిన నెలలో వస్తేనే గొప్ప.

నా మొదటి మెయిల్ ఆయనకే రాశాను. విషయం: కృతజ్ఞతలు. ఒక మనిషిని మెచ్చుకుంటే నలుగురిలో మెచ్చుకోవాలి, లేకపోతే మెచ్చుకున్నట్టే కాదు. అందుకని మూడు జిల్లాల ఆఫీసుల వాళ్ళనూ, మేడమ్‌నూ, డైరెక్టర్లందరినీ సీసీలో పెట్టాను. చదివి చూసుకుంటే నాకే ముచ్చటేసింది.

జూన్ 6, శుక్రవారం

సక్రు జవాబిచ్చాడు. "గౌరవనీయులైన కరుణాకర్ సార్ గారికి రామ్ రామ్. తమరు కృతజ్ఞతలు చెప్పినందుకు కృతజ్ఞతలు. పంపుట నా డ్యూటీ. అయినను గుర్తు పెట్టుకుని రాసింది ఈ సంఘంలో తమరొక్కరే." ఆయన కూడా అందరినీ సీసీలో పెట్టాడు.

మంచి మనిషి. కానీ ఇప్పుడు నేనేం చేయాలి? పక్కింటివాళ్ళు కూర పంపిన గిన్నెను మా అవ్వ ఏనాడూ ఖాళీగా తిప్పి పంపలేదు. ఇంట్లో ఏమీ లేకపోతే గుప్పెడు చక్కెరన్నా పోసి ఇచ్చేది. మెయిల్ మాత్రం గిన్నె కాదా? ఆయన కృతజ్ఞతలకు నా కృతజ్ఞతలు రాసి, ఈసారి వానలు బాగా పడాలని ఒక వాక్యం కలిపి పంపాను.

జూన్ 7, శనివారం

సక్రు జవాబిచ్చాడు. నేనూ ఇచ్చాను.

జూన్ 9, సోమవారం

సక్రు జవాబిచ్చాడు. ఆదివారం కూడా ఇచ్చాడు, నేను ఇవాళ చూశాను. అంటే నా వైపు రెండు బాకీ. రెండూ ఇచ్చాను.

జూన్ 12, గురువారం

పోటీ ఏమీ లేదు. ఈ మాట ఇక్కడ రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే ఆఫీసులో వేరేగా అనుకుంటున్నారు.

జరిగింది ఇది. నేను "హృదయపూర్వక కృతజ్ఞతలు" అని రాస్తే ఆయన "శతకోటి వందనాలు" అని రాశాడు. వంద కోట్లు పెట్టిన మనిషికి మళ్ళీ హృదయం పెడితే ఏం బాగుంటుంది? శ్రేయ తెలుగు పుస్తకం వెనక ఉన్న పదాల అర్థాలు వెతికి, "ఆచంద్రతారార్కం మరువలేను" అని పంపాను. సాయంత్రానికి ఆయన దగ్గరి నుంచి "ఏడేడు జన్మలకు" అని వచ్చింది. చంద్రుడూ నక్షత్రాలూ ఎక్కువా, ఏడేడు జన్మలు ఎక్కువా అని విజయలక్ష్మిని అడిగాను. జవాబివ్వలేదు. ఆమెకు అదే రోజు జవాబు అన్న నియమం లేదు కదా.

అకౌంట్లు చూసే రాజమణి నా టేబులు దగ్గరికి వచ్చింది. "అన్నా, గా సక్రుకు నీకు ఏమన్న చుట్టరికం కలుస్తున్నదా? వియ్యం అందుకుంటున్నరా?"

"మర్యాద అంటరు దీన్ని."

"మర్యాద మంచిదే గని, నా ఫోన్ల పొద్దుగాల్నుంచి గిదే మోగుతున్నది. మా ఆయన ఎవలే గా సక్రు అని అడుగుతున్నడు" అని పోయింది. కుళ్ళు. ఆమెకు ఎవరూ రాయరు.

జూన్ 14, శనివారం

అన్నం తింటుండగా సక్రు మెయిల్. పొడుగ్గా ఉంది. ఇంటి సంగతులు కూడా రాస్తున్నాడు ఇప్పుడు, సార్ పోయి "అన్నగారు" వచ్చింది. ఎడమ చేత్తోనే జవాబు కొట్టాను. "తమరి కుటుంబ విశేషాలు తెలిసి మా అందరికీ ఎంతో సంతోషం కలిగింది. ఇలాంటి కబుర్లు మరిన్ని రావాలని కోరుకుంటూ." తింటూ కూడా జవాబిచ్చేవాళ్ళు ఈ సంఘంలో ఎందరున్నారు? మేడమ్ చూస్తూనే ఉంటుంది, సీసీలో ఉంది కదా. ఇది నా పోస్టుకు పనికొస్తుంది.

జూన్ 16, సోమవారం

నిన్నా ఇవాళా సక్రు నుంచి రెండే రెండు ముక్కలు: "ధన్యవాదాలు అన్నగారు." అలసిపోయినట్టున్నాడు. నేను గెలిచానని కాదు. ఊరికే రాస్తున్నాను.

జూన్ 17, మంగళవారం

గెలవలేదు. పొద్దున్నే పే...ద్ద మెయిల్ వచ్చింది. మా వంశం చల్లగా ఉండాలని మొదలుపెట్టి, నా గుణగణాలు ఒక్కొక్కటీ రాసుకుంటూ పోయాడు. ఆఫీసులో పైకి చదివి వినిపించాను. సగం వరకే వినిపించాను, ఎందుకంటే రాజమణి లేచి బయటికి పోయింది, మిగతావాళ్ళు ఫైళ్ళలో తలలు పెట్టారు. చదవడం మానేసి జవాబు మొదలుపెట్టాను. "తమరు రాసిన ప్రతి అక్షరం చదివి, మనసులో పదిలంగా దాచుకున్నాను. తమరు కోరినట్టే జరుగుగాక!"

ఈ దెబ్బతో మాట రాదు ఆయనకు.

జూన్ 19, గురువారం

కొంప మునిగింది.

పొద్దున్నే లారీ డ్రైవర్ వెంకన్న ఫోను. "సార్, స్టేషన్ ఘన్‌పూర్ గోదాము ముంగట నిలవడ్డ. తాళం వేసున్నది. ఒక్క మనిషి లేడు. ఎవల్ని దింపమంటరు గీ బస్తాలు?"

"ఏం బస్తాలు?"

"వడ్ల విత్తనాలు సార్! గూడూరు సక్రు సార్ పంపిండు. మీకు మెయిల్ రాసిన, ప్రతి అక్షరం చదివిన్రు, కోరినట్టే జరుగుతదన్నరు అని చెప్పిండు."

ఆ గోదాము మా ఆఫీసు కిందిదే. తాళంచెవి జేబులో వేసుకుని దొరికిన బస్సు ఎక్కాను. దారంతా మబ్బే. దిగేసరికి చినుకులు. విత్తనాలు తడిస్తే మొలకెత్తేది లారీలోనే. టార్పాలిన్లు ఎక్కడున్నాయి? జనగామలో, నా గదిలో, మడత విప్పకుండా. దేనికోసమైతే పదిహేను రోజులుగా కృతజ్ఞతలు చెప్పుకుంటున్నామో అవే టార్పాలిన్లు.

అప్పటికే విత్తనాల కోసం వచ్చిన రైతులు చుట్టూ గుమిగూడి ఉన్నారు. నన్ను అనాల్సిన మాటలన్నీ అన్నారు, అవి ఇక్కడ రాయను. అంటూనే బస్తాలు భుజాన వేసుకుని లోపల పడేశారు. ఒక పెద్దాయన బస్తా దించి, నా ముందు నిలబడి, "నువ్వు ఏం పని చేస్తవు నాయినా?" అని నిజంగానే తెలుసుకుందామన్నట్టు అడిగాడు. పై వరుస బస్తాలు కొన్ని తడిశాయి. మిగతావి దక్కాయి.

బస్సులో తిరిగి వస్తూ సక్రు మెయిల్ తెరిచి చూశాను. ఉంది. మా వంశానికీ నా గుణగణాలకూ కింద, ఎక్కడో, "మరొక మనవి. గురువారం పొద్దున వడ్ల విత్తనాల లారీ స్టేషన్ ఘన్‌పూర్ చేరును. తాళం తీయించి హమాలీలను పెట్టించగోరుతాను." దాని కింద మళ్ళీ విజయలక్ష్మికీ బిడ్డకూ ఆశీస్సులు. పైన విషయం: కృతజ్ఞతలకు కృతజ్ఞతలకు కృతజ్ఞతలు.

మేడమ్ ఫోన్ చేసింది. కేకలు వేయలేదు. "ఏం జరిగిందో మెయిల్ పెట్టుండ్రి. ఐదు లైన్లు. ఆరో లైను నేను చదవను" అని పెట్టేసింది. కేకలు వేసినా బాగుండేది.

జూన్ 20, శుక్రవారం

రాశాను. "గౌరవనీయులైన మేడమ్ గారి దివ్య సముఖమునకు" దగ్గరే ఒక లైను అయిపోయింది. ఆమె ఆరోగ్యం అడిగేసరికి రెండు. వాతావరణం మూడు. లారీ ఇంకా గూడూరులోనే ఉంది.

తీసేశాను.

జూన్ 21, శనివారం

రాజమణి అంది, "అన్నా, నువ్వు పిచ్చోని లెక్క చెయ్యకు. సక్రు మీద రాయి. పైన కృతజ్ఞతలని పెట్టి కడుపుల లారీ దాస్తే ఎవలకు కనబడ్తది? తప్పు ఆయనదే."

నిజమే కదా. విషయం అన్నచోట విషయమే రాయమని మేడమే చెప్పింది. సక్రు రాయలేదు. నేను అబద్ధమేమీ చెప్పడం లేదు. ఉన్నదే రాస్తున్నాను. "లారీ గురించి స్పష్టమైన సమాచారం నాకు అందలేదు. సక్రు గారు దానిని కృతజ్ఞతల మెయిల్ మధ్యలో రాశారు." రెండే లైన్లు. చాలా బాగా వచ్చింది. ఇంత చిన్నగా నేను ఎప్పుడూ రాయలేదు. అబద్ధం కాదు.

సోమవారం పంపుతాను. ఇవాళే పంపొచ్చు. సోమవారం పంపుతాను.

ఇంట్లో శ్రేయ అడిగింది, "బాపూ, మళ్ళ భూపాలపల్లి పోతవా?" అని. పోను అన్నాను. అబద్ధం కాదు.

జూన్ 23, సోమవారం

మధ్యాహ్నం ఆ రెండు లైన్లు పంపేముందు, రుజువు కోసం సక్రు మెయిళ్ళన్నీ దాని కింద జత చేద్దామనుకున్నాను. ఎన్నిచోట్ల పని సంగతి మధ్యలో దాచాడో చూపిద్దామని మొదటి నుంచీ చదవడం మొదలుపెట్టాను. ఈసారి నిజంగానే ప్రతి అక్షరం.

పధ్నాలుగో తారీకు మెయిల్. నేను అన్నం తింటూ జవాబిచ్చింది.

"అన్నగారూ, మా గంగికి పానం బాగలేదు. జ్వరం తగ్గుత లేదు. నిన్న మహబూబాబాద్ దవాఖానలో చేర్చినాను. అందుచేత జవాబు ఆలస్యమైనది, మన్నించగలరు. దవాఖాన వరండాలో కూచుండి రాస్తున్నాను."

దానికి నా జవాబు. ఎంతో సంతోషం కలిగింది. ఇలాంటి కబుర్లు మరిన్ని రావాలి. డైరెక్టర్లందరికీ సీసీ.

దానికి ఆయన: "ధన్యవాదాలు అన్నగారు."

పెండ్లాం దవాఖానలో ఉంటే, ఆలస్యమైందని నన్ను మన్నించమన్నాడు. నేను తింటున్నాను. నాకు సిగ్గేసింది. ఇంకే మాట పెట్టినా అది సిగ్గే.

ఆ రెండు లైన్లూ కొట్టేసి మళ్ళీ రాశాను.

"లారీ వస్తుందని సక్రు గారు రెండు రోజుల ముందే రాశారు. నేను చివరిదాకా చదవకుండా, చదివానని జవాబిచ్చాను. తప్పు నాది. రైతుల సాయంతో విత్తనాలు గోదాములో చేరాయి, కొన్ని బస్తాలు తడిశాయి. సక్రు గారూ, గంగి గారి పానం ఎట్లున్నది? అప్పుడు అడగాల్సింది, ఇప్పుడు అడుగుతున్నాను."

లైన్లు లెక్కపెట్టలేదు. మేడమ్‌కు, సీసీలో సక్రుకు. ఇంకెవరికీ కాదు. పంపేశాక విజయలక్ష్మికి చెప్పాను. "భూపాలపల్లి పోతే ఈసారి పప్పు ఒక్కటే వండుకోకుండ్రి" అంది. అని లోపలికి పోయి కళ్ళు తుడుచుకుంది.

జూన్ 24, మంగళవారం

మేడమ్ జవాబు: "అందింది."

అంతే. చుక్క కూడా పెట్టింది.

జూన్ 25, బుధవారం

"అందింది" అంటే ఏంది? రాజమణిని అడిగాను. "అందింది అంటే అందింది అన్నా." కోపంగా అందిందా, మామూలుగా అందిందా? "మెయిల్‌ల మొహం కనబడ్తదా ఏంది?" అంది.

సాయంత్రం మేడమ్ నుంచి అందరికీ ఇంకొకటి. "కృతజ్ఞతలు, శుభాకాంక్షలు, ఆశీస్సుల మెయిళ్ళు ఇవాళటి నుంచి బంద్. పని ఉంటేనే రాయాలి." ఆఫీసులో అందరూ నా వైపు చూశారు. నేను గోడ వైపు చూశాను.

సక్రు నుంచి ఏమీ లేదు.

జూన్ 26, గురువారం

మేడమ్ ఫోన్ చేసింది. "కరుణాకర్ గారు, మీరు తప్పు నాదని రాసిండ్రు. సక్రు గారు గూడ వివరణ పంపిండు తెలుసా? తప్పు ఆయనదేనట, మీది ఇసుమంత గూడ లేదట. గిదేంది, తప్పుల గూడ ఒకలకొకలు తగ్గరా? ఎవల మీద తీసుకోవాలె నేను చర్య?"

"నా మీదనే మేడమ్."

"ఆయన గూడ గదే అన్నడు" అని ఫోన్ పెట్టేసింది. నవ్విందా? నవ్వినట్టే వినిపించింది. దగ్గు కూడా కావచ్చు.

నన్ను కాపాడడానికి ఆయన ఎందుకు రాయాలి? ఆయనకు నేను చేసింది ఏముంది?

జూన్ 27, శుక్రవారం

సక్రు నుంచి ఏమీ లేదు. పని ఉంటేనే రాయాలన్నారు, నిజమే. పెండ్లాం పానం సంగతి పనిలోకి వస్తుందా? రాదు. లేక కోపమా? లేక ఆమెకు ఏమైనా.

ఫోన్‌లో నంబరు తీశాను. ఏమని మొదలుపెట్టాలి? మళ్ళీ జేబులో పెట్టాను. రెండుసార్లు.

జూన్ 28, శనివారం

ఏమీ లేదు.

జూన్ 30, సోమవారం

పొద్దున మేడమ్ దగ్గరి నుంచి మెయిల్, అందరికీ. విషయం: జనగామ ఇన్‌చార్జి. నేను తెరవలేదు. రాజమణి తెరిచింది.

"కరుణాకర్ గారు జనగామ ఇన్‌చార్జిగా కొనసాగుతారు. తడిసిన బస్తాల వివరం వారంలో పంపాలి. ఈ మెయిల్‌కు ఎవరూ జవాబు రాయవద్దు."

మూడుసార్లు చదివించాను. చివరిదాకా చదవమన్నాను, ఇంకేమైనా కింద ఉందేమో అని. లేదు. ఉన్నాను. ఇక్కడే ఉన్నాను.

ఎవరూ జవాబు రాయలేదు. మూడు జిల్లాల్లో ఒక్క ఫోనూ మోగలేదు. నా బతుకులో ఇంత పెద్ద శుభవార్త ఇంత నిశ్శబ్దంగా ఎప్పుడూ రాలేదు. ఆఫీసులో అందరూ కంప్యూటర్ల ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారు. కాసేపటికి రాజమణి లేచి వచ్చి, "రాయొద్దన్నది గని చెప్పొద్దనలే గదా. మంచిగైంది అన్నా" అని నా భుజం మీద ఒక్కటి చరిచింది. గట్టిగానే చరిచింది.

ఇంటికి పోయి చెప్పాను. శ్రేయ చాయ్ తాగకముందే మాట్లాడింది. సాయంత్రం చాయ్ లెక్కలోకి రాదంది విజయలక్ష్మి. నా లెక్కలోకి వస్తుంది.

సక్రుకు రాయాలని ఉంది. రాయకూడదు.

జూలై 1, మంగళవారం

ఇవాళ తడిసిన బస్తాల లెక్క చూస్తుంటే గుమ్మంలో ఇద్దరు నిలబడ్డారు. ఆయన సన్నగా, పొడుగ్గా ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా చెమటకు అంటుకుపోయింది. వెనక ఆమె, చేతిలో నీళ్ళ సీసా. పొద్దున్నే గూడూరులో ఎక్కి, నర్సంపేటలో ఒకసారి, వరంగల్‌లో ఒకసారి బస్సు మారి వచ్చారట.

"రామ్ రామ్ కరుణన్నా. సక్రును నేను" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. ఆచంద్రతారార్కం అన్న నోటికి ఒక్క మాట రాలేదు. ఆయనకూ రాలేదు. ఇద్దరం అట్లాగే నిలబడ్డాం. నేను మొదలుపెడతానని ఆయన, ఆయన మొదలుపెడతాడని నేను. రాజమణి కుర్చీలు వేసింది. కూర్చోలేదు.

చివరికి నేనే అడిగాను. "ఇంత దూరం ఎందుకు వచ్చిన్రు? ఫోన్ చేస్తే సరిపోయేది గదా."

"జవాబు రాయొద్దన్నరు గదన్నా. ఫోన్ల చెప్తనంటే గీమె ఊకోలే" అని పక్కకు జరిగాడు.

గంగి ముందుకు వచ్చింది. జ్వరంతో మొహం ఇంకా పీక్కుపోయే ఉంది. నన్ను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది.

"నా పానం ఎట్లున్నదని అడిగినవట గదన్నా" అంది. "చూడు. గిట్లున్న."